రోశమ్మ దొడ్డి పెంట

వరదమ్మకు తోడికోడలు రోశమ్మ పేరు చెబితేనే ఒళ్ళు మండేది. ఎందుకమ్మా అంటే ఒక కారణం చెప్పేది కాదు, పూటకొకటి చెప్పేది. రోశమ్మ వాకిలి ఊడ్వదు. రోశమ్మ తిన్న చెయ్యి చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంటుంది. రోశమ్మ ఆదివారం ఆరాధనకు అందరూ వచ్చాక వచ్చి, ప్రార్థన మధ్యలో నోరంతా తెరిచి ఆవులిస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ అసలు మంట వీటివల్ల కాదు, పంది వల్ల.

ఆ పంది మామూలు పంది కాదు. ఉదయగిరికీ ఆత్మకూరుకీ నడుమ, చెరువు దిగువన ఉన్న ఆ పాళెంలో అందరూ బాప్టిస్టులే, అందరి ఇళ్ళలోనూ పందులు ఉండేవి. నల్లవి, బక్కవి, పొద్దున వదిలితే ఊరంతా తిరిగి కడుపు నింపుకుని సాయంత్రానికి వచ్చేవి. మిషనువాళ్ళు ఒక తెల్ల సీమపంది కూనను తెచ్చి, దీన్ని శుభ్రంగా సాకే ఇల్లు ఏదని అడిగితే, పాళెం మొత్తం వరదమ్మ వైపు చూపించింది. అందులో వింతేమీ లేదు. వరదమ్మ చిన్నప్పుడు మిషను బోర్డింగులో చదువుకుంది. అక్కడ శనివారం వచ్చిందంటే పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఆముదం తాగించేవాళ్ళు. లోపలా శుభ్రం, బయటా శుభ్రం అని వాళ్ళ చేత అనిపించేవాళ్ళు. మిగతా పిల్లలు బోర్డింగు దాటగానే ఆ ముక్క మరిచిపోయారు. వరదమ్మ మాత్రం దాన్ని మెట్టినింటికి వెంట తెచ్చుకుంది.

ఆ కూనను ఆమె చంటిబిడ్డను సాకినట్టు సాకింది. దానికి జబ్బు చేస్తే కూడు మానేసి పక్కన కూర్చుంది. ఎండాకాలం చెరువు అడుగంటితే, తాగే నీళ్ళలోంచి దానికి స్నానం పోసిందని అత్త చేత తిట్లు తింది. అది పెరిగి తొలిచూలు ఈనినప్పుడు పురుడు పోసింది కూడా వరదమ్మే. వేలు పట్టుకుని నడిపించినట్టు, ఆమె పిలిస్తే వెనకాలే నడిచేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు అన్నదమ్ములిద్దరూ పొయ్యిలు వేరు పెట్టుకున్నారు. వరదమ్మ భర్త సామ్యేలు పెద్దవాడు, రోశమ్మ భర్త శీనయ్య చిన్నవాడు. చేను పంచుకున్నారు, ఎద్దులు పంచుకున్నారు, ఆఖరికి రుబ్బురోలు ఎవరిదనేదానికి కూడా ఒక పూట పోట్లాడి తేల్చుకున్నారు. తల్లిపంది దగ్గరికొచ్చేసరికి ఎటూ తెగలేదు.

"పంది నాది. మిషనోళ్ళు నా చేతికిచ్చినారు," అంది వరదమ్మ.

"చేతికిచ్చింది నీకైతే ఏంది, తిన్నది అందరి కూడు గదా?" అంది రోశమ్మ.

అత్త కామమ్మ అరుగు మీద కూర్చుని ఇద్దరి మాటలూ విని విని విసిగిపోయింది. ఆమె మాటంటే కొడుకులిద్దరికీ హడలు. పాత దొడ్డి రోశమ్మ వాటాలోకి పోయింది కాబట్టి పంది ప్రస్తుతానికి అక్కడే ఉంటుందంది. అప్పుడే పాలు మరిచిన దాని పిల్లల్ని చెరిసగం తీసుకోమంది.

"ఇద్దరికీ మేత నేనే పోస్తా. ఒక్క కుండలోదే పోస్తా. ఈస్టరు నాటికి ఎవురి పిల్లలు బాగుంటే తల్లిపంది వాళ్ళది. నాకు తెలీకండా ఎవురన్నా వేరే మేత ఏసినారో, ఇంగ పంది మీద ఆశ ఒదులుకోండి," అంది.

వరదమ్మ లోలోపల నవ్వుకుంది. శుభ్రంలో తనతో రోశమ్మకు పోటీనా? వాకిలి ఊడ్వనిది పందుల్ని ఏం సాకుతుంది? పంది తన ఇంటికి వచ్చేసినట్టే అనుకుంది.

రెండు వాటాల మధ్య ముళ్ళకంప వేశారు. కంపకు ఇవతల వరదమ్మ నాపరాళ్ళు పరిపించి కొత్త దొడ్డి కట్టించింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫినాయిలు నీళ్ళతో కడిగేది. పిల్లలు వేసిన పెంట రాయి మీద పడి ఆరేలోగా ఎత్తి దూరంగా పారబోసేది. తాగే నీళ్ళు కాచి చల్లార్చి పోసేది. అంతటితో ఆగలేదు. బయట శుభ్రమైతే సరిపోతుందా, లోపల సంగతేమిటి? ఆమె తమ్ముడు వింజమూరులో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. విరేచనాలకు వాడే సల్ఫా బిళ్ళలు డబ్బాడు అతని దగ్గర తెప్పించి, రోజూ నూరి గంజిలో కలిపి పిల్లలకు పట్టించేది. మందు మేత కాదు కదా, కాబట్టి అత్త మాట తప్పినట్టూ కాదు.

కంపకు అవతల రోశమ్మ ఏమీ చెయ్యలేదు. నిజంగానే ఏమీ చెయ్యలేదు. ఆమె పిల్లలు తల్లితో పాటు పాత దొడ్డిలోనే పడి ఉండేవి. తల్లి వేసిన పెంటలో మూతి పెట్టి కెలికేవి, అందులోనే పొర్లేవి, అందులోంచి ఏరుకు తినేవి. రోశమ్మకు బుద్ధి పుట్టినప్పుడు ఒక చేట బూడిద చల్లేది, పుట్టనప్పుడు అదీ లేదు. అది చూసి వరదమ్మ ఊరుకునేది కాదు. వచ్చేపోయేవాళ్ళను పిలిచి మరీ చూపించేది. చూడండమ్మా, ఇది కాపురమా, ఇవి పందులా అని.

చూపించడం కొన్నాళ్ళకు మానేసింది. చూపించాల్సి వస్తే తన పిల్లల్నే చూపించాల్సి వచ్చేట్టుంది. కడిగిన నాపరాళ్ళ మీద అవి ఎండుకుపోతున్నాయి. తల పెద్దదై, వెనక భాగం చిక్కి, నడుం ఎముకలు పైకి తేలాయి. తెల్లటి వెంట్రుకలు చీపురు పుల్లల్లా నిలబడ్డాయి. మేత తింటున్నాయి, తిన్నది ఎటు పోతోందో తెలియడం లేదు. కంపకు అవతల ఆ బురద పిల్లలు మాత్రం కళ్ళెదుటే గుండ్రంగా ఊరుతున్నాయి. ఒకే తల్లి, ఒకే ఈత, ఒకే కుండలో మేత. వరదమ్మ ఇంకా గట్టిగా కడిగింది, బిళ్ళలు ఇంకొంచెం ఎక్కువ వేసింది. పిల్లలు ఇంకా చిక్కాయి.

అప్పుడు ఆమెకు మేత కుండ గుర్తొచ్చింది. కామమ్మ మేత కలిపి పెడితే, కుండను కంప దాకా మోసుకొచ్చేది రోశమ్మ. మోసుకొచ్చేటప్పుడు ఆమె పెదాలు కదులుతుండటం వరదమ్మ చూసింది. అంతే, ఇంకేం కావాలి?

"ఏమ్మే రోశమ్మా! ఏం కలపతా ఉండావే కుండలో?" అని కంప మీదికి వంగి అరిచింది.

"ఏం కలపాల? నీ మొఖం కలపతా ఉండా."

"నా పిల్లలు ఎట్టయిపోయినాయో చూడు. నీయి చూడు. ఒక తల్లి, ఒక మేత. ఇంగ మధ్యలో నువ్వు తప్ప ఏముండాది?"

"మధ్యలో కంప ఉండాది. దాన్నడుగు," అని రోశమ్మ కుండ దించి వెళ్ళిపోయింది.

వరదమ్మ కంపను అడగలేదు, సంఘాన్ని అడిగింది. రోశమ్మ మంత్రాలు చదివి మేత కుండలో ఊదుతోందని సంఘం పెద్ద సుందరయ్య దగ్గర ఫిర్యాదు పెట్టింది. సుందరయ్యకు పంచాయతీ అంటే ప్రాణం, అందులోనూ ఆడవాళ్ళ పంచాయతీ అయితే మరీను. చర్చి వరండాలో పెద్దలందరినీ కూర్చోబెట్టి రోశమ్మను నిలబెట్టాడు. కుండ మోస్తూ ఏమిటి చదువుతావు అని అడిగాడు.

"కుండ బరువుగా ఉండాదని అక్కను తిట్టుకుంటా మోసినా. మంత్రాలే వచ్చుంటే పందుల మీదెందుకేస్తాను? ముందు అక్క నోరు కట్టేసుంటాను. ఆనెక నీది," అంది రోశమ్మ.

జనం పకపకా నవ్వారు. పెద్దలు నవ్వలేదు. మంత్రం సంగతి ఏమైందో ఎవరూ తేల్చలేదు గానీ, పెద్దల్ని అంత మాట అన్నందుకు, తప్పు ఒప్పుకునేదాకా రోశమ్మ ప్రభువు బల్లకు రాకూడదని తీర్పు చెప్పారు. రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు ఆమె లేచి బయటికి పోవాలన్న మాట. పాళెంలో అంతకు మించిన అవమానం లేదు. భర్తను కొట్టిన ఆడదానికీ, తాగి పడిపోయిన మగవాడికీ పడే శిక్ష అది. ఊరంతా ఆ శిక్షను మంత్రానికే ముడిపెట్టుకుంది. రోశమ్మ దగ్గర నిప్పు తీసుకోవడానికి కూడా ఇరుగుపొరుగు వెనకాడారు.

మొదటిసారి రోశమ్మ లేచి బయటికి నడుస్తుంటే వరదమ్మ తల తిప్పి మరీ చూసింది. ఆమెకు సంతోషమైంది. దాచడమెందుకు, పండుగలా ఉంది ఆమెకు. రొట్టె ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంటే కళ్ళ ముందు తల్లిపంది కనిపించింది. ఇక మేత కుండలో ఎవరూ ఊదరు, పిల్లలు కోలుకుంటాయి, పంది తన వెనకాలే నడుచుకుంటూ ఇంటికొస్తుంది.

పిల్లలు కోలుకోలేదు. ఇప్పుడు కుండ మోసుకొస్తున్నది కామమ్మే అయినా కోలుకోలేదు. ఒకటి తెల్లవారేసరికి నాపరాళ్ళ మీద కాళ్ళు చాచి పడి ఉంది. సామ్యేలు దాన్ని చూసి ఏమీ మాట్లాడకుండా చొక్కా వేసుకుని బస్సెక్కి ఆత్మకూరు పోయాడు. నెమ్మదైన మనిషి, భార్యకు ఎదురు చెప్పి ఎరగడు. చెప్పకుండా చేసెయ్యడమే అతనికి తెలిసిన ఎదురు. అతను చెప్పొచ్చిన ప్రకారం పశువుల డాక్టరు మల్లికార్జున సైకిలు మీద మర్రిపాడు వైపు టీకాలకు పోతూ పాళెంలో దిగాడు. కుర్రవాడు, మద్రాసులో చదువుకుని వచ్చినవాడు. రెండు దొడ్లూ చూశాడు. పిల్లల కళ్ళు విప్పి చూశాడు, పెంట చూశాడు, మేత కుండలో చెయ్యి పెట్టి జొన్నతవుడు వాసన చూశాడు.

"ఏమన్నా మందు వేస్తున్నారా అమ్మా?" అని అడిగాడు.

వరదమ్మ బిళ్ళల డబ్బా తెచ్చి గర్వంగా చేతికిచ్చింది. "రోజూ ఏస్తా సార్. లోపల ఒక్క పురుగు కూడా ఉండగూడదని."

డాక్టరు డబ్బా మీది అక్షరాలు చదివి, "అయితే పురుగులన్నిటినీ చంపేశారన్న మాట," అన్నాడు.

"అన్నిట్నీ చంపినా సార్," అంది వరదమ్మ. మెచ్చుకుంటున్నాడనుకుంది.

"అందుకే ఇవి చస్తున్నాయి."

 డాక్టరు దొడ్డి గోడ మీద కూర్చున్నాడు. అరుగు మీది కామమ్మ చెవి ఇటు వేసింది. కంపకు అవతల రోశమ్మ ఊరికే నిలబడ్డట్టు నిలబడింది.

"కడుపులో పెరిగే నట్టలు వేరు, నేను చెప్పేవి వేరు," అన్నాడతను. "నట్టలు కంటికి కనబడతాయి, అవి పోవాల్సిందే. ఈ బిళ్ళలు వాటినేమీ చెయ్యవు. కంటికి కనబడనంత చిన్న జీవులు పేగుల్లో కోట్లకు కోట్లు ఉంటాయి. మీరు చంపింది వాటిని. ఒంట్లో కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. అవి అమైనో ఆమ్లాలనే రకరకాల దినుసులు కలిస్తేనే అవుతాయి. జొన్నల్లోనూ తవుడులోనూ వాటిలో కొన్ని మరీ తక్కువ. మంచానికి మూడు కోళ్ళు ఎంత గట్టివైనా నాలుగోది లేకపోతే పడుకోగలమా? అట్లాగే ఒక్క దినుసు తక్కువైనా మిగతావి ఉండీ దండగే. తిన్నది ఒంటికి పట్టదు."

"ఆ తక్కువైంది ఆ పురుగులు చేస్తాయా?" అని అరుగు మీంచి కామమ్మ అడిగింది.

"ఆవుల్లో, గొర్రెల్లో చేస్తాయని రుజువైపోయింది అవ్వా. ఉచ్చలో బయటికి పోవాల్సిన సరుకును కూడా పట్టుకుని పనికొచ్చే దినుసుగా మారుస్తాయి. పందుల్లో ఎంత చేస్తాయో మా వాళ్ళు ఇంకా వాదులాడుకుంటున్నారు. పాలు మరిచిన కూనలకు, ఇలాంటి బీద మేత తినేవాటికి, ఆ కొంచెమే ప్రాణమని నా నమ్మకం. కూనకు పుట్టుకతో అవి ఉండవు. తల్లి నుంచి, తల్లి పెంట నుంచి కడుపులోకి చేరతాయి. అవతల వాటికి చేరాయి. ఇవతల మీరు చేరనివ్వలేదు, చేరిన కాసినిటినీ బిళ్ళలేసి చంపారు."

కంపకు అవతల రోశమ్మ పైట నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. డాక్టరు అటు తిరిగి, "నువ్వేం గొప్పగా సాకావని కాదమ్మా. నీ సోమరితనం ఈసారికి కలిసొచ్చింది," అన్నాడు. రోశమ్మ నవ్వు ఆగిపోయింది.

వరదమ్మకు చెవుల్లోంచి ఆవిరి వస్తున్నట్టుంది. బోర్డింగులో నేర్చుకున్నదంతా, ఇన్నేళ్ళుగా తలెత్తుకుని తిరిగిందంతా, ఈ కుర్రవాడు గోడ మీద కూర్చుని కాలితో తన్నేశాడు. అతని మీద కోపం వచ్చింది, తమ్ముడి మీద వచ్చింది, అందరికంటే ఎక్కువ రోశమ్మ మీద వచ్చింది. కానీ దొడ్డిలో బతికున్న పిల్లలు గోడకు ఆనుకుని వణుకుతున్నాయి.

"ఇప్పుడేం చెయ్యాల?" అని గొంతు తగ్గించి అడిగింది.

"బిళ్ళలు మానెయ్యండి. చెరువు చేపల్ని ఎండబెట్టి పొడి చేసి మేతలో కలపండి. చేపల్లో ఆ దినుసులన్నీ ఉంటాయి."

"వేరే మేత కలిపితే ఓడిపోయినట్టే. ముందే చెప్పినా," అంది కామమ్మ అరుగు మీంచి.

డాక్టరు ముసలమ్మను చూసి నవ్వి, "అయితే ఒకటే దారి. కడగడం తగ్గించి, తల్లిపంది వేసిన పచ్చి పెంట తెచ్చి రోజూ వీటి దొడ్డిలో వెయ్యండి. ఊరపందులది మాత్రం వద్దు, రోగాలు తగులుకుంటాయి. ఈ తల్లిదే కావాలి," అన్నాడు.

"పెంట మేత కిందికి రాదులే. ఏసుకో," అంది కామమ్మ.

తల్లి ఉన్నది రోశమ్మ దొడ్డిలో. డాక్టరు సైకిలెక్కి వెళ్ళిపోయాక సామ్యేలు తమ్ముణ్ణి అడిగి చూశాడు. శీనయ్య, "ఆడోళ్ళ యవ్వారంలోకి నన్ను లాగబాకన్నా. నాకు రోజూ కూడు పెట్టేది ఆమె," అన్నాడు. మధ్యాహ్నం రోశమ్మ చేలోకి పోయిందేమో చూసి నాలుగు పిడికిళ్ళు ఎత్తుకొద్దామని వరదమ్మ కంప దగ్గరికి పోతే, రోశమ్మ దొడ్డి గుమ్మంలో మంచం వేసుకుని పడుకుని ఉంది. మర్నాడూ అంతే. తన పొలం పని ఏమైపోతోందో కూడా ఆమెకు పట్టలేదు. ఇంకో పిల్ల మేత దగ్గరికి లేవలేక పడిపోయేసరికి వరదమ్మ ఇక ఆగలేకపోయింది.

"రోశమ్మా, ఒక గంపెడు పెంట కావాల," అంది కంప ఇవతల నిలబడి. 

రోశమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తీరిగ్గా జుట్టు ముడి వేసుకుంది.

"ఇస్తా. ఎందుకీయను అక్కా? దొడ్డినిండా ఉండాది. అయితే కంప మీంచి ఈయను. ఆదివారం రా. చర్చి ఇడిచే ఏళకు నా వాకిట్లో నుంచి ఎత్తుకుని, ముందు బాటన, నెత్తిన పెట్టుకుని పోవాల. ఏందని అడిగితే చెప్పాల. యాడిదని అడిగినా చెప్పాల."

"నన్ను చంపుతావా ఏమే?"

"నువ్వు నన్ను చంపినావుగా. జనం నా పొయ్యిలో నిప్పు కూడా ముట్టడంలా. నేను దొంగతనం చేసినానా, రంకు చేసినానా? బల్ల దగ్గర లేచి బయటికి పోతా ఉంటే నువ్వు మెడ తిప్పి చూసినావే, అది నేను చూడలా అనుకున్నావా?"

వరదమ్మ వెనక్కి తిరిగింది. నీ పెంటా వద్దు, నువ్వూ వద్దు అనుకుంటూ ఇంట్లోకి పోయింది. శనివారం దాకా అదే అనుకుంది. శనివారం దొడ్డిలోకి పోతే లేవలేని పిల్ల ఆమె చెయ్యి వాసన చూసి, మూతితో వేళ్ళను పొడిచింది. తల్లిపంది కూనగా ఉన్నప్పుడు సరిగ్గా అట్లాగే పొడిచేది. వరదమ్మ ఆ పిల్ల పక్కన కూర్చుని బోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే రోశమ్మను నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది.

ఆదివారం జీవితంలో మొదటిసారి ఆరాధన మానేసింది. రోశమ్మ గంప నింపి సిద్ధంగా పెట్టింది. పచ్చిది, ఆ పొద్దున వేసినది, గంప అంచులదాకా కూరింది. చుట్టకుదురు కూడా ఇవ్వలేదు. వరదమ్మ పాత చీర చుట్టి నెత్తిన పెట్టుకుని గంప ఎత్తుకుంది. నాలుగడుగులు వేసేసరికి చెమ్మ దిగి చెవి వెనక నుంచి మెడ మీదికి కారింది. తుడుచుకోవడానికి లేదు, రెండు చేతులూ గంప మీదే ఉన్నాయి. ముందు బాటన చర్చి మలుపు తిరిగేసరికి ఆఖరి పాట అయిపోయి జనం మెట్లు దిగుతున్నారు. తెల్లచీరలు, ఉతికిన పంచెలు, చేతుల్లో పాటల పుస్తకాలు. గంప వాసన వాళ్ళ దగ్గరికి ఆమెకంటే ముందే చేరింది. ఆడవాళ్ళు ముక్కుకు పైట అడ్డం పెట్టుకున్నారు. రోశమ్మ ఎప్పుడొచ్చిందో, ఎదురుగా వేపచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఆరాధన మానుకుని ఇదేం పనమ్మా? ఏంది గంపలో?" అన్నాడు సుందరయ్య.

వరదమ్మ ఆగింది. ఆగకుండా పోవచ్చు. పోతే రేపు గంప దొరకదు.

"పెంట," అంది.

"యాడిది?"

"రోశమ్మ పందులది. నా పిల్లలకి ఇదే మందు."

"ఆమె మంత్రమేసిందని నువ్వే గదా సంఘానికి చెప్పినావు?"

 ఈ ప్రశ్నకు జవాబు చెప్పమని రోశమ్మ అడగలేదు. ఏంది, యాడిది, ఆ రెండే. వరదమ్మ వేపచెట్టు వైపు చూసింది. అక్కడ కనికరమేమీ కనబడలేదు. చెమ్మ మెడ మీంచి రవికెలోకి దిగుతోంది. సిగ్గుతో ఆమెకు అక్కడే కూలబడితే బాగుండుననిపించింది.

"మంత్రమూ లేదు, గింత్రమూ లేదు. నేనే బిళ్ళలేసి నా పిల్లల్ని చెడగొట్టుకున్నా. ఆమె మీద చెప్పింది అబద్ధం," అని గట్టిగా, అందరికీ వినబడేట్టు అరిచి చెప్పి, గంపతో ముందుకు నడిచింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో తెలుసుకోవడానికి కూడా ఆమె తల తిప్పలేకపోయింది.

సుందరయ్య ఆ సాయంత్రమే తీర్పు ఎత్తేశాడు. తనదీ తప్పేనని మాత్రం అనలేదు. పెద్దలు అలాంటివి అనరు. తరువాతి బల్లకు రోశమ్మ అందరికంటే ముందొచ్చి మొదటి వరుసలో కూర్చుంది. రొట్టె నమిలేటప్పుడు వెనక్కి తిరిగి వరదమ్మ కళ్ళలోకి చూస్తూ నమిలింది.

పిల్లలు మాత్రం బతికాయి. పెంట కుమ్మరించగానే వాటికి ఎక్కడలేని ఓపిక వచ్చింది. మూతులు అందులో పెట్టి గుర్రుమంటూ కెలికి తిన్నాయి. వరదమ్మ కొంగుతో ముక్కు మూసుకుని, వాంతి ఆపుకుంటూ, అక్కడే నిలబడి చూసింది. రోజూ గంపెడు తెచ్చింది. అప్పుడిక ముందు బాట అక్కర్లేదని, కంప మీంచే విసిరేసేది రోశమ్మ. కావాలనే సగం వరదమ్మ కాళ్ళ మీద పడేట్టు విసిరేది. పిల్లల వెంట్రుకలు అణిగాయి, నడుం మీద కండ తేలింది, తిన్నది ఒంటికి కనబడింది. నాపరాళ్ళ మీద అవి పరుగులు పెడుతుంటే వరదమ్మకు మళ్ళీ ఆశ పుట్టింది. ఇంకొంచెం ముందు తెలిసి ఉంటే, ఇంకొన్నాళ్ళు గడువుంటే, అని లెక్కలు వేసుకుంది. ముసలమ్మకు కళ్ళు సరిగా ఆనవు కదా అని కూడా అనుకుంది.

ఈస్టరు ఆరాధన అయ్యాక కామమ్మ కర్ర పట్టుకుని రెండు దొడ్లూ తిరిగింది. కళ్ళు ఆనకపోతేనేం, ఆమె చేతులతో చూసింది. వరదమ్మ వాటా పిల్లల్ని వెన్ను మీద, తొడల మీద నొక్కి చూసింది. కంప దాటి పోయి రోశమ్మ వాటా పిల్లల్నీ నొక్కి చూసింది. మళ్ళీ ఇవతలికొచ్చి ఇంకోసారి నొక్కింది. 

"నీయి లేచినాయి, కాదనను. ఆమెయి అసలు పడనే లేదు," అంది కామమ్మ. "పంది రోశమ్మది."

సామ్యేలు తల దించుకున్నాడు. వరదమ్మ కంప దగ్గరికి పోయి నిలబడింది. తల్లిపంది ఆమె అడుగుల చప్పుడు విని లేచి, కంప దాకా వచ్చి ముళ్ళ మధ్యలోంచి మూతి బయటికి పెట్టింది. వరదమ్మ చెయ్యి చాపబోయేలోగా రోశమ్మ దాని మెడ తాడు పట్టుకుని వెనక్కి లాగింది.

"అక్కా, మళ్ళా కూనల్ని కొంటావంట గదా, బావ చెప్పినాడు," అంది రోశమ్మ తాడును చేతికి చుట్టుకుంటూ. "కొనుక్కో. కొన్నాక చెప్పు. పెంటకి రావాలగా."

వరదమ్మకు ఎన్ని తిట్లున్నాయో అన్నీ నోటిదాకా వచ్చాయి, ఒక్కటీ పైకి అనలేదు. అంటే రేపు గంప నిండదు.

ఆ సంగతి రోశమ్మకూ తెలుసు. అందుకే జవాబు కోసం ఆగకుండా పందిని తోలుకుని దొడ్డిలోకి పోయింది.